అందరికీ ఒకే తాళం

పోయిన వారం వినార్సిని మిల్లు గేటు దగ్గర వానలో నిలబెట్టి వచ్చేశాం. ఇల్లు చేరిందిలెండి. గొడుగు లేదు కాబట్టి తడిసే చేరింది, జలుబు చేసింది. ఇంత ఉపద్రవం మధ్య జలుబు సంగతెందుకని అనుకోవద్దు. మొదటి ఏడాది అప్రెంటిస్‌కి ఉపద్రవాలు ఎన్నొచ్చినా జలుబుకి మాత్రం సెలవు దొరకదు.

జరిగింది ఇంకోసారి చెప్పుకుందాం. గానుగాట సీజన్ మొదలయ్యే ముందు మిల్లులో యంత్రాలన్నీ విప్పి, బాగుచేసి, మళ్ళీ బిగిస్తారు. శుక్రవారం మధ్యాహ్నం చెరకు నరికే కత్తుల డ్రమ్ములో గియోనో బోల్టులు బిగిస్తుండగా డ్రమ్ము తిరిగింది. నిండు చుట్టు కూడా కాదు, అర చుట్టు. కుడిచేతి వేళ్ళు మూడు పోయాయి. మనుషులు లోపలున్నప్పుడు మెయిన్ స్విచ్‌కి తాళాలు వెయ్యాలి. ఎవరి తాళం వాళ్ళు వేసి, ఎవరి తాళంచెవి వాళ్ళు జేబులో పెట్టుకుని లోపలికి దూరాలి. అది రూలు. మన మిల్లులో ఈ ఏడు మాత్రం మొదటి ఏడాది అప్రెంటిస్ తాళం ఒక్కటే వేలాడుతోంది, అందరికీ అదే. ఆ తాళం వినార్సిది. తాళంచెవి మెడలో వేసుకుని స్విచ్ పక్కన స్టూలు మీద కూర్చోవడం ఆమె పని. శుక్రవారం మేస్త్రీ వగీరన్ వచ్చి చెయ్యి చాచాడు. ఆమె తీసి ఇచ్చింది.

ఎందుకిచ్చిందని కొందరికి కోపం వస్తుంది. మా జావాలో పెద్దవాళ్ళు చెయ్యి చాచితే ఎందుకని అడగడం ఎవరికీ అలవాటు లేదు. అడిగిన వాళ్ళని కన్నవాళ్ళు సరిగ్గా పెంచలేదంటారు.

సోమవారం విచారణ. తప్పు వినార్సిదని తేలితే ఈ మిల్లులోంచే కాదు, ఈ కంపెనీ మిల్లులన్నిటి లోంచీ పేరు కొట్టేస్తారు. ఇక మళ్ళీ ఇంజనీరింగ్ గడప తొక్కే పని లేదు.

ఆదివారం మధ్యాహ్నం దాకా ఆ పిల్ల మంచం దిగలేదు. నిద్రపోయి కాదు. మంచం దిగాలంటే భుజాలు లేపాలి, భుజాలు లేవనంటున్నాయి. వారాల తరబడి బాయిలర్ గొట్టాల్లో పేరుకున్న సున్నం గీకుతోంది మరి. ఇంజనీరింగ్ నేర్పుతామని తీసుకున్నారు. ఇంతవరకు నేర్చుకున్నది గీకడం, తుడవడం, కిరసనాయిల్లో బేరింగులు కడగడం, ఎవరి కాఫీలో ఎంత చక్కెరో గుర్తుపెట్టుకోవడం. చక్కెర మిల్లులో అందరికీ చక్కెర ఎక్కువే కాబట్టి ఆ చివరిది సులువు. ఊళ్ళో వాళ్ళమ్మ మాత్రం సోయా టెంపే ముక్కలు అమ్ముకుంటూ గడపగడపకీ "మా అమ్మాయి ఇంజనీరు" అని చెప్పి వస్తోంది. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా వినార్సికి అలసట ఇంకాస్త పెరుగుతుంది.

"నీకోసం మిల్లు వాళ్ళెవరో వచ్చారు. మగమనిషి. వరండాలోనే కూర్చోబెట్టాను," అంది ఇంటావిడ తలుపు సందులోంచి.

వచ్చింది వగీరనే. చేతిలో అరటిగెలలోంచి తెంపుకొచ్చిన అత్తం ఒకటి ఉంది. ఈ రెండు రోజుల్లో మనిషి ముఖం లోపలికి పోయింది. నలభై ఏళ్ళు యంత్రాల మధ్య బతికినవాడు, ఒక ఆడపిల్ల ముందు కుర్చీ అంచున కూర్చోవడానికి ఇబ్బంది పడుతున్నాడు.

"జ్వరం ఏమన్నా ఉందా తల్లీ?"

"లేదు పాక్. జలుబే." పెద్ద మగవాళ్ళని మేం పాక్ అంటాం, అయ్యా అన్నట్టు; అన్న వయసు వాళ్ళని మాస్ అంటాం.

"అల్లం కాచి తాగు. బెల్లం వేసుకో. చక్కెర వెయ్యకు. మనం చేసిందైనా సరే వెయ్యకు."

నవ్వాల్సిన చోటు కాబట్టి ఇద్దరూ నవ్వారు. తరవాత వాన గురించి మాట్లాడాడు. ఈ ఏడు చెరకులో తీపి తక్కువన్నాడు. ఇంటావిడ కోళ్ళు బాగున్నాయన్నాడు. మా పెద్దవాళ్ళు అసలు మాటకి రావాలంటే ముందు ఊరంతా చుట్టి రావాలి. వినార్సి తల వంచుకుని వింటోంది. ఎక్కడికి వస్తాడో ఆమెకి తెలుసు. త్వరగా వస్తే బాగుండునని మాత్రం అనుకుంటోంది.

"రేపు అడుగుతారు," అన్నాడు చివరికి. పెద్దవాళ్ళ మాటకి మేం చిత్తమన్నట్టు ఇంగ్గీ అంటాం, ఆమె కూడా అంది.

"ఇంగ్గీ, పాక్."

"తాళం వేశావా అని అడుగుతారు."

"వేశాను కదా."

"వేశావు, వేశావు." లవంగాల సిగరెట్ తీశాడు, ముట్టించకుండా మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. "మర్చిపోయానని చెబితే ఎలా ఉంటుందంటావ్?"

కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగాడు. వినార్సికి ముందు అర్థమే కాలేదు. అర్థమయ్యాక చెవుల్లో వేడి పుట్టింది.

"నేను మీకు చెప్పాను పాక్. మాస్ గియోనో ఇంకా లోపలే ఉన్నాడని చెప్పాను. చెప్పి, మీరు కాఫీ తెమ్మంటే వెళ్ళాను. చెప్పానా లేదా?"

"చెప్పావు."

"మరి?"

వగీరన్ ఒక పండు ఒలిచాడు. తినలేదు, ఆమెకి ఇవ్వనూ లేదు, పట్టుకుని కూర్చున్నాడు. "క్లివోన్ శుక్రవారం తల్లీ అది, శక్తి ఉన్న రోజు. సీజన్‌కి మొదటి చుట్టు ఆ గడియలోనే తిప్పాలి. మసీదులో అజాన్ మొదలయ్యేలోపు అవ్వాలి. ముహూర్తాలు చూసే పెద్దాయన గడియ పెట్టి ఇచ్చాడు. పోయినేడు ఇవన్నీ చాదస్తమని ఎప్పుడు పడితే అప్పుడు తిప్పారు. బాయిలర్ దగ్గర మనిషి పోయాడు. నువ్వప్పటికి రాలేదు, నీకు తెలీదు."

"ముహూర్తం కోసం మనిషి లోపలుండగా తిప్పేస్తారా!"

గొంతు లేచిపోయింది. పెద్దవాళ్ళ మీద ఆమె గొంతు లేవడం ఇదే మొదలు. ఇంటావిడ వంటింట్లోంచి తొంగిచూసి మళ్ళీ లోపలికి వెళ్ళింది. ఆడపిల్లకి ఈ పనేమిటని అందరూ అంటుంటే, తీసుకోండి నేను చూసుకుంటానని మాటిచ్చింది వగీరనే. ఆ మాట ఎత్తుతాడేమోనని వినార్సి ఎదురుచూసింది. ఎత్తి ఉంటే ఎదురు చెప్పడానికి ఏదో ఒకటి దొరికేది. ఆయన ఎత్తలేదు.

"పళ్ళు తిను. మాగిపోయాయి, రేపటికి ఆగవు," అని లేచి వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం వినార్సి ఆసుపత్రికి వెళ్ళింది. వెళ్ళకూడదనే అనుకుంది. వెళ్ళకపోతే ఆ 'మరి?' అన్న ప్రశ్న రాత్రంతా పక్కలో పడుకుంటుందని భయపడి వెళ్ళింది.

గియోనో దిండుకి ఆనుకుని ఉన్నాడు. కుడిచెయ్యి కట్టుతో కొబ్బరిబోండమంత అయింది. భార్య యాత్మి గంజి తాగిస్తోంది.

"రా రా, తాళాలమ్మా! ఇకనుంచి నా కాఫీలో రెండు చెంచాలు చాలు. అంతకంటే లెక్కపెట్టడానికి వేళ్ళు లేవు," అన్నాడు.

"నోరు ముయ్యండి," అంది యాత్మి. కానీ ఆమె కూడా నవ్వింది. వినార్సి నవ్వలేక కుర్చీలో కూలబడింది.

వగీరన్ వచ్చి వెళ్ళిన సంగతంతా చెప్పేసింది. చెబుతుంటే మధ్యాహ్నం పుట్టిన వేడి మళ్ళీ పైకొచ్చింది. "మీరు లోపలున్నారని తెలుసు మాస్ ఆయనకి. తెలిసీ తిప్పాడు. ఇప్పుడు నన్ను మర్చిపోయానని చెప్పమంటున్నాడు. రేపు అందరి ముందూ ఆయన పేరు చెప్పేస్తాను. ఏమైతే అదవుతుంది."

గియోనో నవ్వడం ఆపేశాడు. గోడవైపు తిరిగాడు. యాత్మి గిన్నెలో చెంచా కదపడం మొదలుపెట్టింది, గంజి ఎప్పుడో చల్లారినా.

"పాక్ నన్ను అడిగాడు," అన్నాడు గోడతో.

"ఏం అడిగాడు?"

"నువ్వు కాఫీకి వెళ్ళాక డ్రమ్ము దగ్గరికి వచ్చి కేకేశాడు. 'గియోనో, వచ్చేశావా?' అన్నాడు. 'వచ్చేశా పాక్' అన్నాను. ఒకసారి కాదు, మళ్ళీ అడిగాడు. మళ్ళీ అదే చెప్పాను."

"వచ్చేశారా మరి?"

"వస్తున్నా. ఒక్క బోల్టు మిగిలింది. పెద్దాయన బయట నిలబడి ఉన్నాడు, గడియ దాటిపోతోంది. 'ఇంకా రాలేదు, ఆగండి' అని ఎలా అంటాం చెప్పు? ఆయన స్విచ్ దాకా నడిచేలోపు బిగించేసి రావచ్చులే అనుకున్నా."

అబద్ధమాడాడని అనడానికి లేదు. మాలో ఎవరు చెప్పరు అలా? నెత్తిన నీళ్ళు పోసుకుంటూనే "బయల్దేరా, దారిలో ఉన్నా" అంటాం. పిండి ఇంకా రుబ్బుతూనే "అయిపోయింది, కూర్చోండి" అంటాం. ఎదుటివాళ్ళు ఆగుతున్నారంటే ప్రాణం ఒప్పదు, కాని పనిని అయిపోయిందనేస్తాం. అది మర్యాద. శుక్రవారం దాకా ఆ మర్యాదకి ఎవరి వేళ్ళూ పోలేదు.

"అయితే ఈ మాట ఆయన నాకెందుకు చెప్పలేదు?"

ఈసారి యాత్మి మాట్లాడింది. "ఎలా చెబుతాడు? ఈయనే వచ్చేశానన్నాడని బయటికొస్తే, తప్పు ఈయనదే అయిపోతుంది. నష్టపరిహారం రాదు. సీజన్ కూలీ, ఆ చేత్తో ఇంకెవరు పనిస్తారు? పోనీ పాక్ వగీరన్ తనే తాళం తీశానంటే ఆయన పింఛను పోతుంది. వాళ్ళావిడ మంచాన పడి ఎన్నేళ్ళయింది! నువ్వయితే..."

ఆగిపోయింది.

"నేనయితే?"

"చిన్నదానివి. మొదటి ఏడాదివి. నీకింకా ఏం మొదలైందని? ఇంకోచోట ఇంకేదైనా చూసుకోవచ్చు."

ఇది చెడ్డగా అనలేదు. అందులో పిసరంత విషం కూడా లేదు. చెప్పి, కొత్తగా గంజి పోసి వినార్సి చేతిలో పెట్టింది. "తాగు. ముఖం చూడు ఎలా పీక్కుపోయిందో," అంది. వినార్సి తాగింది. ఆకలిగా ఉంది మరి.

దారిలో ఆమెకి కోపం తెచ్చుకుందామనిపించింది. కోపానికి కూడా ఓపిక ఉండాలి. ముగ్గురూ చెడ్డవాళ్ళయితే ఎంత బాగుండేది! కూర్చుని తమ నష్టాలూ ఆమె నష్టమూ బేరీజు వేసుకున్నారు, వాటిలో చవకైనది ఆమెదని తేల్చుకున్నారు. నిజం చెప్పొద్దూ, ఆమె మనసు కూడా ఒక మూల అదే లెక్క వేస్తోంది. 'మర్చిపోయాను' అంటే చాలు. సున్నం గీకడం ఉండదు, స్టూలు ఉండదు. ఇంటికెళ్ళి అమ్మ పక్కన చాప మీద పడుకుని మూడు రోజులు లేవక్కర్లేదు. అమ్మ వీధుల్లో చెప్పుకున్న మాట సంగతి ఆ తరవాత చూసుకోవచ్చు.

సోమవారం పొద్దున ఆఫీసు వరండాలో నలుగురు ఆడవాళ్ళు కూర్చుని చెరకుల పెళ్ళికి బట్టలు కుడుతున్నారు. సీజన్‌లో అన్నిటికంటే ముందు గానుగలోకి వెళ్ళేవి పెళ్ళికొడుకు చెరకు, పెళ్ళికూతురు చెరకు. పెళ్ళికూతురి జాకెట్టుకి జరీ అంచు వేస్తున్న ఆవిడ వినార్సిని చూసి జరిగి దారిచ్చింది, పలకరించలేదు. పనిలోంచి వెళ్ళిపోయే మనిషిని చూసే చూపు అది.

చీఫ్ ఇంజనీర్ హర్యాది గది చల్లగా ఉంది. ఆయన బల్ల వెనక, పక్కన టైపు చేసే గుమస్తా, గోడవారగా వగీరన్. హర్యాది ఎన్నడూ కేకలెయ్యడు. మిల్లులో అందరికీ ఆయనంటే గౌరవం, అందుకే.

"కూర్చో వినార్సీ. టీ తీసుకో. ఇదేం పోలీసు స్టేషన్ కాదు."

"ఇంగ్గీ, పాక్."

"శుక్రవారం బాగా అలిసిపోయి ఉన్నావని వగీరన్ చెప్పాడు."

"ఇంగ్గీ, పాక్."

"అలిసిపోతే ఎవరికైనా మరుపు సహజం. మేమూ మొదటి ఏడాది చేసినవాళ్ళమే. తాళం వెయ్యడం మర్చిపోయావు. అంతే కదా?"

జవాబు పరుపు పరిచినట్టు సిద్ధంగా ఉంది. వెళ్ళి పడుకోవడమే. ఇంకో 'ఇంగ్గీ' అంటే చాలు. ఈ మిల్లుకి వచ్చిన దగ్గర్నుంచి ఆమె నోట ఎక్కువసార్లు వచ్చిన మాట అదే, ఇప్పుడూ నోరు తెరుచుకుంది కూడా. అంతలో టకటకమని చప్పుడైంది. గుమస్తా అప్పుడే టైపు చేసేస్తున్నాడు. ఆమె ఇంకా ఏమీ అనలేదు.

వినార్సి ఆ వేళ్ళ వంక చూసింది. ఎందుకో ఆ చప్పుడుకి ఒళ్ళు మండిపోయింది. గియోనో మీద రాని కోపం, వగీరన్ మీద నిలవని కోపం, ఆ ముక్కూమొహం తెలియని టకటక మీద వచ్చింది.

"వేశాను," అంది.

టైపు ఆగింది. గోడ దగ్గర వగీరన్ కళ్ళు మూసుకున్నాడు.

"ఏమిటీ?"

"తాళం వేశాను పాక్. మర్చిపోలేదు. అడిగితే తాళంచెవి ఇచ్చేశాను. ఇవ్వడం నా తప్పు, రాసుకోండి. మర్చిపోయానని మాత్రం రాయొద్దు."

ఎవరడిగారు అని హర్యాది అడుగుతాడనుకుంది. ఆయన అడగలేదు. టీ కప్పు కొంచెం పక్కకి జరిపాడు. "సరే, వేశావే అనుకుందాం. ఒక్క తాళమేనా? లోపల నలుగురు పనిచేస్తున్నారు. నాలుగు తాళాలు ఉండాలి. గియోనో తన తాళం తను వేసుకుని ఉంటే నీ తాళం ఎవరు తీసినా డ్రమ్ము తిరిగేది కాదు. అవునా? రూలు అంత స్పష్టంగా ఉంటే, ఒకే తాళం అందరికీ వెయ్యడమనే పద్ధతి నీకెవరు నేర్పారు?"

అడుగుతూ వగీరన్ వైపు చూశాడు. ఆ చూపు ఎటు తోసుకుపోతోందో గదిలో అందరికీ తెలిసింది. ముసలాయన నిండుగా ఊపిరి పీల్చుకున్నాడు, దెబ్బకి సిద్ధమైనట్టు.

"మీరే, పాక్," అంది వినార్సి.

గొంతు పెంచలేదు. పెంచే ఓపిక లేదు.

"నేను చేరిన రోజు మీరే స్విచ్ దగ్గరికి తీసుకెళ్ళారు. నాలుగు తాళాలు వేలాడుతున్నాయి. ఒకడు టీకి పోతాడు, ఒకడు నమాజుకి పోతాడు, వాళ్ళ తాళంచెవుల కోసం మిల్లు ఆపుకుని కూర్చోవాలా అన్నారు. మిగతావి తీయించేశారు. 'ఇకనుంచి నీది ఒక్కటే ఉంటుంది, నీకు వేరే పనేముంది' అన్నారు. తీసినవాటిని ఒక గోనెసంచిలో వేసి నా చేతికిచ్చారు. నేనే మోసుకొచ్చి ఈ గదిలో పెట్టాను." చెయ్యి చూపించింది. "ఆ బీరువాలో. కింది అరలో."

గుమస్తా తల తిప్పి బీరువా వంక చూశాడు. చూశాక చూడకుండా ఉండాల్సిందని తోచినట్టుంది, చటుక్కున తల వంచుకున్నాడు.

హర్యాది గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఇప్పుడు అన్నదేదీ రాయక్కర్లేదు. మీరిద్దరూ కాసేపు బయట ఉండండి. వినార్సితో నేను విడిగా మాట్లాడాలి."

గుమస్తా లేచాడు, కుర్చీ చప్పుడు కాకుండా జరిపాడు, వెళ్ళిపోయాడు. వగీరన్ అలవాటు కొద్దీ "ఇంగ్గీ, పాక్" అన్నాడు. తలుపు దాకా నడిచాడు. వినార్సి వెనక్కి తిరిగి చూడలేదు. తలుపు మూసుకున్న చప్పుడు విని, ఇక తనూ ఈ మెత్తటి గొంతూ తప్ప ఎవరూ లేరని చేతులు ఒళ్ళో ముడుచుకుంది.

అడుగులు వెనక్కి వచ్చాయి. వగీరన్ తలుపుని లోపలినుంచే వేశాడు. గుమస్తా వదిలి వెళ్ళిన కుర్చీ లాక్కుని వినార్సి పక్కన వేసుకున్నాడు.

"వగీరన్," అన్నాడు హర్యాది. "బయటికి వెళ్ళమన్నాను."

"విన్నాను పాక్," అని ముసలాయన కూర్చున్నాడు.